స్పెయిన్ జోగమ్మ మొక్కు

వైశాలి నగర్, భిలాయి
23 మార్చి 2025

నాన్నగారికి,

ప్రియమైన అని మొదలుపెట్టబోయి ఆగిపోయాను. ఒకప్పుడు మిమ్మల్ని నువ్వు అనేదాన్ని. ఇరవై మూడేళ్లుగా మీరు అంటున్నాను, పక్కింటి పెద్దమనిషిని అన్నట్టు. మీరు దాన్ని మర్యాద అనుకుని మురిసిపోయి ఉంటారు. మర్యాద కాదు నాన్నగారూ, దూరం.

ఫోన్ ఉండగా ఈ ఉత్తరాలేమిటని సురేశ్ నవ్వాడు. ఫోన్‌లో మీ గొంతు వింటే రెండో మాటకే పెట్టేస్తాను. కాగితం మీదైతే నేను చివరిదాకా చెప్పగలను, మీరు మధ్యలో అడ్డం రాలేరు. వాడు ఇవాళ మళ్లీ వస్తాడు, చరోదా వెళ్లగానే ఇది మీ చేతికిస్తాడు. రైల్వే యార్డులో పనిచేసేవాడు కదా, సరుకు భద్రంగానే చేరుస్తాడు.

నిన్న సాయంత్రం వాడు వచ్చేసరికి నేను సంచి సర్దుకుంటున్నాను. వీపుకి తగిలించుకునే పెద్ద సంచి. బరువుతో నడక అలవాటు కావాలని అందులో కందిపప్పు, శనగపప్పు పాకెట్లు పేర్చి ఏడు కిలోలు చేశాను. వాడు చూసి, "ఏటి దీదీ, కిరాణా కొట్టు తెరుస్తన్నావా?" అన్నాడు. టీ తాగాడు, బిస్కట్లన్నీ అయిపోగొట్టాడు, వెళ్తూ వెళ్తూ గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ అప్పుడు చెప్పాడు. "నాన్న ఆ నడక మానీమన్నాడు. ఎందుకని అడిగితే చెప్పడు. దానికి వద్దు, అంతే, అన్నాడు."

అంతే. ఆ మాట నాకు కొత్త కాదు. నా జీవితంలో పెద్ద విషయాలన్నీ మీ నోటి నుంచి ఆ రెండక్షరాలతోనే ముగిశాయి. అప్పుడు నాకు ఇరవై నాలుగు, తల వంచుకుని గదిలోకి వెళ్లి ఏడ్చాను. ఇప్పుడు నలభై ఏడు. రోజూ నలభై మంది పిల్లల చేత లెక్కలు చేయిస్తున్నాను. ప్రతి లెక్కకీ ఎందుకో చెప్పకపోతే మార్కులు వెయ్యను.

మే రెండో తారీకున బయలుదేరుతున్నాను, స్కూలుకి సెలవులిచ్చిన మర్నాడే. ఫ్రాన్స్ సరిహద్దులో కొండ కింద ఒక చిన్న ఊరు ఉంది. అక్కడి నుంచి స్పెయిన్ పడమటి కొసన యాకోబు అనే యేసు శిష్యుడి సమాధి ఉన్న పెద్ద చర్చి దాకా దాదాపు ఎనిమిది వందల కిలోమీటర్లు. వెయ్యేళ్లకి పైగా క్రైస్తవులు నడుస్తున్న దారి. నాకు ముప్పై అయిదు రోజులు పడుతుంది. వీసా వచ్చింది, టికెట్ వచ్చింది, కొత్త బూట్లు రెండు నెలలు నన్ను కరిచి కరిచి ఇప్పుడు దారికొచ్చాయి. మీ అనుమతి ఒక్కటే రాలేదు. నేను అడగలేదు కూడా.

ఇది నా సరదా కాదని మీకు తెలుసు. అమ్మ మొక్కు. తెలియనట్టు నటిస్తున్నారు కాబట్టి మొదటి నుంచీ రాస్తాను, ఓపికగా చదవండి.

2002 ఫిబ్రవరిలో నాకు పచ్చకామెర్లు వచ్చి పదిహేడు రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. అప్పుడు మనం స్టీల్ ప్లాంటు వాళ్ల సెక్టార్‌లో ఉండేవాళ్లం. పక్క క్వార్టర్ ఛాయా ఆంటీది, ఛాయా మసీహ్. ఆవిడ నర్సు, ఛత్తీస్‌గఢ్ క్రైస్తవురాలు. ఆవిడ ఇంటి గోడకి మిషన్ వాళ్లిచ్చిన క్యాలెండర్ ఉండేది. అందులో రాతి గోపురాల చర్చి, దాని ముందు చేతికర్రలూ వీపున మూటలూ వేసుకున్న జనం. ఆ ఇంట్లో మేరీమాత బొమ్మ ముందు అమ్మ మోకాళ్లేసి మొక్కుకుంది, తన కోరిక తీరితే ఆ క్యాలెండర్‌లోని గుడికి నడిచి వస్తానని. ఆ గుడి ఎక్కడుందో అడగనేలేదు. మన రాష్ట్రంలోనే జష్‌పూర్ వైపు పెద్ద చర్చి ఉందని ఎప్పుడో విన్నది, ఇది అదే అనుకుంది. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం కొండ చుట్టూ చెప్పుల్లేకుండా నడిచిన మనిషి, జష్‌పూర్ ఆవిడకి ఒక లెక్కా? మొక్కుకుని లేచి, చీర సర్దుకుని, "దీదీ, ఈ గుడికి ఏ రోడ్డంట ఎల్లాలి?" అని అడిగింది. అప్పుడు ఛాయా ఆంటీ చెప్పింది, అది స్పెయిన్ దేశమని.

నాకు తగ్గింది, ఇంటికొచ్చాను. కోరిక తీరింది, మొక్కు మిగిలింది. మీరేం చేశారు? ఆవిడ మొక్కిన మర్నాడే రైల్ మిల్లులో మీ గ్యాంగ్ మొత్తానికి చెప్పి నవ్వించారు. వారం తిరగకుండా జోగమ్మ అన్న ఆవిడ పేరు సెక్టార్ అంతటికీ స్పెయిన్ జోగమ్మ అయింది. పెళ్లిళ్లలో భోజనాల దగ్గర, "స్పెయిన్ జోగమ్మ వచ్చింది, చోటియ్యండి" అనేవారు. అమ్మ నవ్వేది. ఆ నవ్వు మీరు ఎప్పుడైనా సరిగ్గా చూశారా? నేను చూశాను. ఎవరైనా ఆ పేరుతో పిలిస్తే ఆ రోజు ఆవిడ రెండో ముద్ద తినేది కాదు.

మూడేళ్ల కిందట ఆసుపత్రిలో, చివరి వారంలో, ఆవిడ నన్ను రోజూ ఒకే ప్రశ్న అడిగింది. "ఆ గుడి ఎంత దూరమే? నాను నడవగల్నేటి?" ముందు చాలా దూరమని చెప్పాను. తరవాత దగ్గరేనని చెప్పాను. చివరి రోజు నేను నడుస్తానులే అమ్మా అన్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని తల అడ్డంగా ఊపింది, నన్ను కష్టపెట్టడం ఇష్టం లేక. మీరు అప్పుడు కాంటీన్‌లో ఉన్నారు.

ఇక సునీల్ సంగతి. ఆ పేరు మీకు గిట్టదని తెలిసే రాస్తున్నాను. ఛాయా ఆంటీ కొడుకు సునీల్‌ని నేను పెళ్లి చేసుకుంటానన్నాను. కామెర్లు తగ్గి ఇంటికొచ్చిన మూడు వారాలకి అతను చెప్పాపెట్టకుండా జబల్‌పూర్ వెళ్లిపోయాడు. ఏం జరిగిందని అడిగితే మీరు అన్నం తింటూ తల కూడా ఎత్తకుండా చెప్పారు, "నేనే వద్దన్నాను. అంతే." ఏడాది తిరక్కుండా అతనికి అక్కడే పెళ్లయింది. ఆ తరవాత మీరు తెచ్చిన సంబంధాలన్నీ నేను వద్దన్నాను. నాకూ ఆ మాట వచ్చునని మీకు చూపించాలనిపించింది. ఏడెనిమిదేళ్లకి సంబంధాలు రావడం మానేశాయి, నా కోపం మానలేదు.

అమ్మని నవ్వులపాలు చేసినవారూ మీరే, నాకు ఇల్లు లేకుండా చేసినవారూ మీరే. ఇప్పుడు ఆవిడ మొక్కు తీరుస్తానంటే అడ్డం పడుతున్నవారూ మీరే. చర్చికి వెళ్తున్నానని మీ పరువు పోతుందా? మా కాలనీ సెక్రటరీ మనోజ్‌కుమార్ కూడా మొన్న గేటు దగ్గర ఆపి, "మేడమ్, ధర్మ్ బదల్ లియా క్యా?" అని అడిగాడు. ప్రస్తుతానికి మతం కాదు, నడుము కొలత మార్చుకుంటున్నానని చెప్పాను. అతనికి అంతకంటే చెప్పక్కర్లేదు, బయటివాడు. మీరు బయటివారు కాదు, అదే నా కర్మ.

రోజూ తెల్లవారగానే సుపేలా దాటి సెక్టార్ల మీదుగా మైత్రీబాగ్ దాకా వెళ్లి వస్తున్నాను. కాలి పొక్కుల్లోంచి సూదితో దారం ఎక్కించి నీరు తియ్యడం ఛాయా ఆంటీ నేర్పింది. ఎడమ కాలి చిటికెన గోరు ఊడింది, కొత్తది వస్తోంది. దేనికీ ఆగలేదు, మీ మాటకీ ఆగను. స్టేషన్‌కి రావద్దు. ఆశీర్వాదం సురేశ్ చేత పంపవద్దు.

జోగమ్మ కూతురు,
భాగ్యరేఖ


చరోదా
2 ఏప్రిల్ 2025

అమ్మా భాగ్యం,

నీ ఉత్తరం అంది పదిరోజులైంది. మూడుసార్లు చదివాను. ఉగాది నాడు సురేశ్ పచ్చడి నోట్లో పెట్టి "ఏటైంది నాన్నా, మాట్లాడవేటి" అన్నాడు. చేదెక్కువైందన్నాను. నీకు కోపం వస్తే దస్తూరీ గుండ్రంగా, చక్కగా వస్తుంది. చిన్నప్పుడూ అంతే. ఆ అక్షరాలు చూసే ఎంత కోపంగా ఉన్నావో తెలుసుకున్నాను.

నువ్వు రాసినవాటిలో మీ అమ్మని చూసి నవ్విన మాట నిజం. మిల్లులో చెప్పిన మాట నిజం. దానికి నన్ను ఎంత తిట్టినా తక్కువే. స్టేషన్‌కి రావద్దన్నావు, రాను. కానీ నీ పెళ్లి నేను ఆపానన్నది నిజం కాదు. ఆ అబద్ధం చెప్పిందీ నేనే, ఇన్నేళ్లు మోసిందీ నేనే. దింపకుండానే పోవాలనుకున్నాను. నువ్వు దింపించావు.

నువ్వు ఆసుపత్రిలో చేరడానికి వారం ముందు నేను మీ అమ్మతో చెప్పాను, "ఇచ్చీద్దుమే. కుర్రోడు నెమ్మదస్తుడు, ఐటీఐ చేసినాడు, మన కళ్లముందు పెరిగినాడు" అని. ఊళ్లో మా అన్నదమ్ములు నాలుగు రోజులు మాట్లాడరు, అయిదో రోజు వాళ్లే వస్తారని లెక్క వేసుకున్నాను. ఆ మాటకి మీ అమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు. నేనూ మొండివాణ్ణే, బతిమాలలేదు. ఈలోగా నీకు కామెర్లు వచ్చాయి, ఆ గొడవ అక్కడ ఆగిపోయింది.

ఒక రోజు ఎ షిఫ్ట్ దిగి మధ్యాహ్నం ఇంటికొస్తే మీ అమ్మ మొహం వెలిగిపోతోంది. కంచం పెట్టింది, వడ్డించింది, తనూ పెట్టుకుంది. నీకు తగ్గిందని కబురొచ్చిందేమో అనుకున్నాను.

"మొక్కీసినాను" అంది.

"ఎవలికి?"

"ఛాయా దీదీ ఇంట్లో మేరీమాతకి. నడిచొస్తానని మొక్కినాను."

"గుంటకి తగ్గాలనా?"

"అది తగ్గిపోద్దిలే, డాక్టరు చెప్పినాడు కదా. మన గుంటకి ఆ సునీల్ పిచ్చి వదలాలని మొక్కినాను."

నా చేతిలో ముద్ద కంచంలో పడింది. "ఆ కుర్రోడి దేవుడి కాడికే ఎల్లి, ఆ కుర్రోణ్ణి వదిలించమని మొక్కినావేటే?" అన్నాను.

ఆవిడ ఏమందో తెలుసా? "మరేటి? మన అప్పన్నకి మొక్కితే ఆ పిల్లోడి మీద ఆయనకేటి అధికారం? ఆల పిల్లోడు ఆల దేవుడి మాటే ఇంటాడు." మా మిల్లులోనూ అంతే కదా, ఒక డిపార్ట్‌మెంట్ మనిషిని కదిలించాలంటే ఆ డిపార్ట్‌మెంట్ పెద్ద సంతకమే కావాలి. ఆవిడ ఎన్నేళ్లు మా మాటలు వింటూ వడ్డించిందో, దేవుళ్లకి కూడా ఆ పద్ధతే అనుకుంది.

అప్పుడు నాకు వచ్చిన కోపానికి కొట్టేవాణ్ణే. కొట్టలేదు. మర్నాడు మిల్లులో స్పెయిన్ సంగతి చెప్పి నవ్వించాను. అది కొట్టడం కంటే ఎక్కువ అయిందని చాలా ఏళ్లకి గానీ తెలియలేదు. అసలు మొక్కు దేనికో మాత్రం ఎవరికీ చెప్పలేదు.

నువ్వు ఇంటికొచ్చిన మూడు వారాలకి సునీల్ వెళ్లిపోయాడు. మొక్కు ఫలించిందని మీ అమ్మ నమ్మింది. నువ్వు గదిలో తలుపేసుకుని ఏడుస్తుంటే అప్పుడు భయపడింది. వంటింట్లో నా కాళ్ల దగ్గర కూర్చుని, "దానికి తెలిస్తే నాతో మాట్లాడదు. నువ్వే వద్దన్నావని చెప్పీ. నువ్వు మగోడివి, ఓర్చుకుంటావు" అంది. సరేనన్నాను. ఏడాది పోతే నీకు వేరే పెళ్లవుతుంది, అప్పుడు చెప్పి అందరం నవ్వుకోవచ్చనుకున్నాను.

నీకు పెళ్లి కాలేదు. సంబంధం తప్పిన ప్రతిసారీ మీ అమ్మ నా వైపు చూసేది. మొక్కు తీర్చలేదు కాబట్టి ఆ తల్లికి కోపం వచ్చి ఏ పెళ్లీ కానివ్వడం లేదని ఆవిడ లెక్క. కొబ్బరికాయ కొట్టి మార్చుకోమని ఎందరో చెప్పారు, వినలేదు. అడిగింది ఎవరినో వాళ్లకే తీర్చాలంది. ఆసుపత్రిలో గుడి ఎంత దూరమని అడిగింది అందుకు. నువ్వు నడుస్తానంటే తల ఊపింది నీ కాళ్ల మీద జాలితో కాదు. నువ్వు మాత్రం నడవకూడదని.

నీ పెళ్లి చెడగొట్టమని పెట్టిన మొక్కు అది. చెడినందుకు నువ్వే మూట వీపున వేసుకుని అంత దూరం నడిచి వెళ్లి దండం పెట్టి రావడం నేను చూడలేను. ఎందుకో చెప్పమన్నావు. ఇదే ఎందుకు.

మీ అమ్మని ఏమీ అనకు. అంటే నన్నే అను, నాకు అలవాటైంది.

నాన్న,
సింహాద్రి


వైశాలి నగర్
13 ఏప్రిల్ 2025

నాన్నా,

నీ ఉత్తరం చదివాక రెండు రోజులు స్కూలుకి వెళ్లలేదు. జ్వరమని చెప్పాను. అబద్ధమాడటం మన ఇంట్లో అందరికీ వచ్చు కదా.

మొదట నమ్మలేదు. తప్పించుకోవడానికి, చనిపోయిన మనిషి మీదకి తోస్తున్నావనుకున్నాను. అప్పుడు అప్పన్న మీద ఆవిడ చెప్పిన మాట మళ్లీ చదివాను. అది నీకు కల్పించడం రాదు. అది అమ్మ మాటే, ఆవిడ గొంతే వినిపించింది. ఆవిడ ఫొటోకి రోజూ పెట్టే పువ్వు మూడు రోజులు పెట్టలేదు. నాలుగో రోజు పెట్టాను, విసురుగా పెట్టాను.

ఆవిడని ఏమీ అనవద్దన్నావు. అంటాను. నేను పక్కమీద పసుపు ముద్దలా పడి ఉంటే, నా బొట్టు పెట్టె సర్ది, నాకు మజ్జిగ తెచ్చి, తల నిమిరి, ఇంటికి వెళ్లి నా బతుకు తెంపమని మొక్కింది. తరవాత ఇరవై ఏళ్లు అదే చేత్తో నాకు జడ వేసింది. నేను ఆ ఒడిలో పడుకుని నిన్ను తిట్టేదాన్ని నాన్నా. ఆవిడ వినేది. "పోన్లేమ్మా, మీ నాన్న అంతే" అనేది. ఒక్కసారైనా ఆ నోరు తెరుచుకోలేదు. ఈ వారమంతా నాకు గుర్తొస్తున్నది అదే.

ఈ రోజు పొద్దున్న సంచి వేసుకుని రిసాలీ దాకా నడిచాను, ఛాయా ఆంటీ ఇంటికి. ఆవిడకి చెప్పాలనుకున్నాను. ఆవిడ నా పొక్కులు కడిగింది, నడక నేర్పింది, రోజూ నా కోసం ప్రార్థన చేస్తానంటుంది. తన ఇంట్లో తన దేవుడి ముందే తన కొడుకుని వదిలించమని మా అమ్మ మొక్కిందని ఆవిడకి తెలియాలి కదా. నిజం చెప్పాలంటే, నొప్పి నాకొక్కదానికే ఎందుకుండాలి అనిపించింది.

ఇవాళ మట్టల ఆదివారం. ఆవిడ అప్పుడే చర్చి నుంచి వచ్చి, తెచ్చిన ఖర్జూరపు ఆకుని గోడ మీద ఫొటో వెనక దోపుతోంది. సంచి దింపకుండా, గుమ్మంలో నిలబడే మొత్తం చెప్పేశాను. హిందీలో చెప్పాను, కోపంలో నాకు హిందీయే వస్తుంది. ఆవిడ ఆకు చేతిలో పట్టుకుని అలాగే విన్నది. నేను ఆగాక కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఉస్ దిన్ మైఁనే భీ వహీ మాంగా థా, బేటీ" అంది.

ఆ రోజు నేనూ అదే అడిగాను, అంది నాన్నా. ఇద్దరూ పక్కపక్కన మోకాళ్ల మీద కూర్చున్నారు. అమ్మకి ఆ ప్రార్థనలు రావు కాబట్టి ఆంటీయే పైకి చదివింది, అమ్మ ఆమెన్ అంది. తరవాత ఇద్దరూ మనసులో అడుక్కున్నారు. అమ్మ నాకు సునీల్ వద్దని అడిగింది, ఆంటీ సునీల్‌కి నేను వద్దని అడిగింది. కొడుక్కి తమ చర్చి పిల్ల కావాలని ఆవిడ ఆశ. కోడలు హిందువైతే మనవలు ఎటూ కాకుండా పోతారని భయం. నాకు తగ్గాలని జోగమ్మ మొక్కుతోందని ఆంటీ అనుకుంది, ఆంటీ కూడా నాకు తగ్గాలనే ప్రార్థిస్తోందని అమ్మ అనుకుంది, ఇద్దరూ ఒకరినొకరు చూసి కళ్లు తుడుచుకున్నారట. అయ్యాక ఆంటీ టీ పెట్టింది.

ప్రార్థనతో ఆగలేదు ఆంటీ. ఆ సాయంత్రమే జబల్‌పూర్‌లో ఉన్న తమ్ముడికి ఉత్తరం రాసింది, సునీల్‌కి అక్కడ పని చూడమని, పిల్లని కూడా చూడమని. తల్లి మాట మీద అతను వెళ్లాడు. నాకు ఒక్క ముక్క చెప్పకుండా వెళ్లాడు. అతన్ని పంపింది అప్పన్నా కాదు, మేరీమాతా కాదు, నువ్వూ కాదు. ఒక పోస్టు కవరు.

"నేను ఆసుపత్రిలో ఉన్నాను కదా ఆంటీ. మీ ఇద్దరిలో ఒక్కరైనా నేను బతకాలని అడగలేదా?" అన్నాను.

ఆవిడ తడబడింది. వార్డులో నర్సు కదా, నా రిపోర్టు చూసింది. "డాక్టర్ నే బోలా థా, తూ ఠీక్ హో జాయేగీ" అంది. నాకు తగ్గిపోతుందని డాక్టరు చెప్పాడట, అందుకని అడగలేదట.

నవ్వొచ్చింది నాన్నా. సంచితో సహా ఆ గుమ్మంలోనే కూర్చుండిపోయి నవ్వాను, నవ్వు ఏడుపయ్యేదాకా. ఆవిడా ఏడ్చింది. దగ్గరికి రాబోతే రావద్దన్నాను. తెలియక చేసిన మొక్కుని ఫాదర్ చేత మాఫీ చేయించవచ్చు, నువ్వు నడవక్కర్లేదు బేటీ అంది. మీ ఫాదర్ మాఫీ మీరు పుచ్చుకోండి అని చెప్పి లేచి వచ్చేశాను. తిరుగు దారిలో ఎండ నెత్తి మీదకి వచ్చింది, నీళ్ల సీసా అక్కడే మరిచిపోయాను. ఆవిడని క్షమించలేదు. క్షమిస్తానో లేదో కూడా తెలియదు.

ఇక నీ సంగతి. నువ్వు మంచివాడివని తేలితే నా కోపం పోవాలి కదా. పోలేదు. నువ్వు పెళ్లికి ఒప్పుకున్నావని తెలిసి ఇంకా పెరిగింది. ఇవ్వాలనుకున్నవాడివి ఎందుకు ఇవ్వలేదు? ఆవిడ రెండు రోజులు అన్నం మానితే నువ్వు ఇరవై మూడేళ్లు నోరు మూసుకున్నావు. అమ్మ మీద నాకు కోపం రాకుండా చూశావు. సరే, మరి నాకు? తప్పుడు మనిషి మీద కోపంతో నా వయసంతా ఖర్చు పెట్టాను. నువ్వు తెచ్చిన సంబంధాల్లో ఇద్దరు ముగ్గురు నిజంగా మంచివాళ్లు. నువ్వు తెచ్చావన్న ఒక్క కారణానికి వద్దన్నాను. ఎవరిని చేసుకోకూడదో ఆవిడ తేల్చింది, ఎవరిని ద్వేషించాలో నువ్వు తేల్చావు. నన్ను అడిగినవాళ్లు మీలో ఒక్కరూ లేరు. నువ్వు ఓర్చుకున్నావని నేను మెచ్చుకోవాలా? మెచ్చుకోను.

కానీ ఒకటి చెబుతాను. నీ ఉత్తరంలో కంచంలో ముద్ద పడిందని రాశావు చూడు, అక్కడ ఆగి చాలాసేపు కూర్చున్నాను. నా తరఫున ఆ ఇంట్లో ఆ ఒక్క రోజు ఒక్క మనిషికైనా అన్నం సయించలేదన్నమాట. అది నాకు కావలసి వచ్చింది.

వచ్చే ఆదివారం చరోదా దాకా నడుస్తాను. పవర్‌హౌస్, ఖుర్సీపార్ మీదుగా పది, పన్నెండు కిలోమీటర్లు ఉంటుంది. ఎనిమిదింటికి చేరతాను. నువ్వు వాకిట్లో ఉండు. మాట్లాడతానని హామీ ఇవ్వను. మంచినీళ్లిస్తే తాగుతాను, అరగంట కూర్చుంటాను, సురేశ్ బండి మీద తిరిగి వస్తాను.

టికెట్ రద్దు చెయ్యలేదు. మే రెండున వెళ్తున్నాను. నువ్వు వద్దన్న కారణం ఇప్పుడు లేదు, అమ్మ మొక్కు నేను తీర్చడం లేదు. ఆవిడ అడిగిన పని ఒక పోస్టు కవరు చేసింది. ఆ మొక్కు ఎవరికీ బాకీ లేదు. ఆ దారిలో ఆవిడ కోసం ఒక్క అడుగు కూడా వెయ్యను.

ఆ నడక ముగిసిన చోట పేరు రాసి ఒక కాగితం ఇస్తారు. పోయినవాళ్ల తరఫున నడిచినవాళ్లకి ఆ పోయినవాళ్ల పేరు కూడా రాసి ఇస్తారట. ఎవరి తరఫున అని ఆ బల్ల దగ్గర అడిగితే, భాగ్యరేఖ తరఫున అని చెబుతాను. ఆవిడ పోయిందా అని అడిగితే, లేదు, ఉంది, నేనే అంటాను. తరవాత లోపలికి వెళ్లి మోకాళ్ల మీద కూర్చుంటాను. నా గురించి ఆ దేవుడి దగ్గర ఇద్దరు ఆడవాళ్లు అడగాల్సినవి అడిగేశారు, నేను మాత్రం ఇంతవరకు ఏమీ అడగలేదు. ఏం అడుగుతానో ఎవరికీ చెప్పను నాన్నా, నీకు కూడా.

భాగ్యం